డోర్కస్ వెయిన్‌కి బదులు పలికే గొంతు

ఏప్రిల్ 16, 1951, సోమవారం

ఇవాళే రాయడం మొదలుపెట్టాలి. మా ఇంటికి ఇంతకు ముందెప్పుడూ దక్కని గౌరవం దక్కింది. దాన్ని గురించి నేను నోరు విప్పినప్పుడల్లా నాన్న లేచి గుర్రం దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. మాట్లాడడానికి ఎవరూ లేరు కాబట్టి రాసుకుంటున్నాను. దాచిపెట్టాల్సిన పని కూడా లేదు. అమ్మకి తన పేరు రాయడం వచ్చు. నాన్న చిన్నప్పుడు బడిలో కంటే బొగ్గు బండి మీదే ఎక్కువ కూర్చున్నాడు. ఈ పుస్తకం వంటింటి బల్ల మీద తెరిచి ఉంచినా చదివేవాళ్ళు లేరు.

సంగతి ఇది. జూన్ రెండో తారీఖు శనివారం పేర్ల పిలుపు. ఈ ఏడు దేశమంతా ఉత్సవాలు కాబట్టి మా ఊరి పిలుపుని రేడియో వాళ్ళు వచ్చి రికార్డు చేసుకుంటారట. ఆసింగ్లీ అనే మా ఊరి పేరు లండన్ ఇళ్ళల్లో వినబడుతుంది. ఉత్సవ సంఘానికి పెద్ద మా హెడ్‌మిస్ట్రెస్ మిస్ ఆల్డర్సీ. బడి వదిలాక ఆవిడ నన్ను తన గదిలోకి పిలిచి, డోర్కస్ వెయిన్ పేరుకి ఈసారి మా నాన్న కాకుండా నేను బదులు పలకాలని చెప్పింది.

"మీ నాన్నగారి గొంతు సంతకి బాగుంటుంది ఏవిస్. రేడియో మనుషుల ముందు గదిలోకి వస్తుంది కదమ్మా."

దయగానే అంది. ఆవిడ ఎప్పుడూ దయగానే మాట్లాడుతుంది. నాకు పదకొండేళ్ళప్పుడు మా వంటింటికి వచ్చి, మసి అంటిన కుర్చీలో తన బూడిదరంగు కోటుతోనే కూర్చుని, "ఈ పిల్లని పై చదువుల పరీక్షకి కూర్చోబెట్టండి" అని నాన్నని అడిగింది ఆవిడే. ఆవిడ అడగకపోతే ఇవాళ నేను ఆవిడ బడిలో టీచరుని కాదు. ఈ వేసవి దాటితే నా ఉద్యోగం ఖాయం చెయ్యాల్సింది కూడా ఆవిడే. అది వేరే సంగతి. నేను ఒప్పుకున్నది అందుకు కాదు.

ఇంటికి వచ్చి చెప్పాను. నాన్న రొట్టె మీద కొవ్వు రాసుకుంటున్నాడు. కత్తి పక్కన పెట్టి, "నువ్వు పలికితే బాగానే ఉంటుంది. చదువుకున్నదానివి" అన్నాడు. తర్వాత బిషప్‌కి నీళ్ళు పెట్టాలని లేచాడు. బిషప్ మా గుర్రం. దానికి నీళ్ళు అప్పటికే పెట్టేశాడు.

ఏప్రిల్ 17

నాన్న సంతోషంగానే ఉన్నాడు. పొద్దున రెండు కప్పుల టీ తాగాడు.

ఏప్రిల్ 21, శనివారం

పిలుపు గురించి చిన్న పుస్తకం అచ్చు వేస్తున్నారు. బయటివాళ్ళకి అర్థమయ్యేలా అందులో రాయాల్సింది నేనే. మా టాలీల ఇంట్లో పుట్టినవాళ్ళు రాసింది అచ్చు కావడం ఇదే మొదటిసారి. ఉదయమంతా కూర్చుని ఇలా రాశాను:

"ఆసింగ్లీలో రైలు ఎక్కువసేపు ఆగదు. ఊరి ఈ చివర నిలబడితే ఆ చివర కనిపిస్తుంది. అయినా ఇంత చిన్న ఊరు ఇంతమంది పెద్దవాళ్ళని కన్నది. ప్రతి ఏడూ జూన్ మొదటి శనివారం ఊరి గుమాస్తా సంత మధ్యనున్న రాతి శిలువ మెట్లు ఎక్కి, ఊరికి పేరు తెచ్చినవాళ్ళని ఒక్కొక్కరినే పిలుస్తాడు. వాళ్ళలో ఇవాళ బతికున్నవాళ్ళు లేరు. ఒక్కొక్క పేరునీ ఒక్కొక్క ఇల్లు మోస్తుంది. ఆ ఇంటి మనిషి గుంపులోంచి 'ఇక్కడే' అని బదులు పలుకుతారు. మూడుసార్లు పిలిచినా పలికే గొంతు లేకపోతే ఆ పేరుని ఇంకెప్పుడూ పిలవరు."

సముద్రం మీద యుద్ధాలు చేసిన అడ్మిరల్ ఫెల్, గుడి గడియారం చేసిన ఎలియాస్ ప్రౌట్, మా గుర్రానికి పేరిచ్చిన బిషప్ క్విల్టర్, అందరి గురించీ తేలిగ్గా రాసేశాను. డోర్కస్ దగ్గర కలం ఆగింది. చెప్పడానికి ఏమీ లేక కాదు.

కలరా వచ్చిన ఏడు జబ్బుపడ్డవాళ్ళ బట్టలు ఎవరూ ముట్టలేదు. చాకలి డోర్కస్ వెయిన్ ఊరందరి బట్టలూ వంతెన దిగువన రాతి మీద వేసుకుని, పెద్ద కాగులో మరగబెట్టి ఉతికింది. అక్కడి నుంచి దిగువకి ఎవరూ నీళ్ళు తోడకూడదని ఎర్ర గుడ్డ కట్టింది. కాగు కిందకి బొగ్గు మోసుకొచ్చినవాడు ఒక్కడే, జెమ్ టాలీ. మా నాన్న తాతకి తండ్రి. ఆవిడకి పిల్లలు లేరు. చివరికి ఆ జబ్బుతోనే పోతూ జెమ్ చెయ్యి పట్టుకుని, నన్ను ఎవరైనా అడిగితే ఇక్కడే ఉన్నానని చెప్పు అందట. అప్పటినుంచి టాలీలు చెబుతూనే ఉన్నారు.

అడ్మిరల్ పేరు పలికేవాళ్ళు ఆయన వంశం. బిషప్ పేరు పలికేవాళ్ళు ఆయన తమ్ముడి వంశం. మాకు డోర్కస్‌తో రక్తసంబంధం లేదు, బొగ్గు సంబంధం ఉంది. చిన్నప్పుడు దీన్ని తలుచుకుని సిగ్గుపడేదాన్ని. ఇప్పుడు పడను.

యుద్ధంలో గుడి గంటలు మోగించకూడదని ఆర్డరు వచ్చినప్పుడు ఊళ్ళో అన్నిటికంటే పెద్ద చప్పుడు నాన్న "ఇక్కడే" అనడమేనని అమ్మ ఇప్పటికీ అంటుంది. ఇది పుస్తకంలో రాయలేదు. ఎందుకు రాయలేదో తెలియదు. చోటు చాల్లేదు.

ఏప్రిల్ 24

పేరు నా చేతికి రావాలంటే నాన్న నాకు అప్పగించాలి. చాకలి రాయి దగ్గర చెయ్యి తడిపి నా అరచేతిలో పెట్టి, పేరు చెవిలో చెప్పాలి. ఒకసారి అప్పగించినవాళ్ళు మళ్ళీ పలకరు. మిస్ ఆల్డర్సీకి ఈ సంగతి చెబితే, ఎంత అందమైన ఆచారం, అది కూడా పుస్తకంలో చేర్చు అంది.

తాత అప్పగించినప్పుడు నాకు ఏడేళ్ళు. తాత మంచం మీద ఉన్నాడు. అమ్మ పాల జగ్గుతో నది నీళ్ళు తెచ్చింది. మర్నాడు తాత పోయాడు. ఊళ్ళో ఏ ఇంట్లోనైనా ఇంతే, పోయే ముందే అప్పగిస్తారు.

తాతకి అప్పుడు జబ్బు. నాన్నకి ఏ జబ్బూ లేదు. రెండూ ఒకటి కాదు.

ఏప్రిల్ 29, ఆదివారం

అయిపోయింది.

గుడి నుంచి నేరుగా వెళ్ళాం. నాన్న పెళ్ళినాటి సూటు వేసుకున్నాడు. అమ్మ రాలేదు, పొయ్యి మీద మాంసం ఉందంది. నాన్న వంగి చెయ్యి నీళ్ళలో ముంచాడు. ఎంత తోమినా ఆ చేతి గీతల్లో నలుపు పోదు. నా చేతిలో పెట్టి చెవిలో పేరు చెప్పాడు. జీవితంలో మొదటిసారి ఆయన అంత నెమ్మదిగా మాట్లాడడం విన్నాను. నేను "ఇక్కడే" అన్నాను. మిస్ ఆల్డర్సీ చెప్పినట్టు పెదవులతో అన్నాను.

"బాగుంది" అన్నాడు నాన్న. "చాలా శుభ్రంగా ఉంది."

వంతెన మీద నుంచి నలుగురు చూశారు. మగవాళ్ళు టోపీలు తీశారు. నాకు చాలా గర్వంగా అనిపించింది. టోపీలు ఎందుకు తీశారో అప్పుడు ఆలోచించలేదు.

మే 1

బేకరీ ఆవిడ సోంపు కేకు తెచ్చి ఇచ్చింది. చక్కెర ఇలా కరువుగా ఉన్న రోజుల్లో. నాన్న ఎలా ఉన్నాడని అమ్మని గుసగుసగా అడిగింది. అమ్మ బాగానే ఉన్నాడంది. ఆవిడ అమ్మ భుజం నిమిరి, "అలాగే అనాలి హెట్టీ, ధైర్యంగా ఉండాలి" అని వెళ్ళింది.

మే 3

దూడ కాళ్ళ సూపు ఒక గిన్నె, బార్లీ గంజి రెండు గిన్నెలు, పాదిరిగారి తోటలో మొదటిగా వచ్చిన ఆకుకూర. శవపేటికలు చేసే వడ్రంగి ఎన్నడూ లేనిది నాన్నకి దారి ఇచ్చి పక్కకి నిలబడ్డాడట. "వాడు నన్ను కాళ్ళ నుంచి తల దాకా చూశాడు హెట్టీ. కొలత తీసుకుంటున్నట్టు చూశాడు" అన్నాడు నాన్న. ముగ్గురం నవ్వాం.

కేకు బాగుంది.

మే 5, శనివారం

పక్క ఊరి బొగ్గువాడు వచ్చి బిషప్‌ని ఎప్పుడు అమ్ముతారని అమ్మని అడిగాడు. అమ్మ చీపురు తీసింది.

మే 9, బుధవారం

మిస్ ఆల్డర్సీ నా పుస్తకం ప్రూఫులు చూపించింది. చివరి పేజీలో నా పేరు అచ్చయింది. ఏవిస్ టాలీ. వేలితో తడిమి చూశాను. డోర్కస్ గురించి రాసింది నాలుగు లైన్లకి తగ్గించారు, అడ్మిరల్ బొమ్మ పట్టాలి కాబట్టి. నాలుగు లైన్లు తక్కువేం కాదు.

ఇంకో సంగతి. నాన్న వీధుల్లో కేక వెయ్యడం మానేశాడు. "బొగ్గోయ్" అనకుండా చిన్న చేతిగంట కొనుక్కుని వాయిస్తున్నాడు. గొంతు నొప్పా అని అడిగాను. లేదన్నాడు. మరి ఎందుకని అడిగితే, "అప్పగించేశాక మళ్ళీ అరుస్తూ తిరిగితే ఏం బాగుంటుంది" అన్నాడు.

పేరు అప్పగించాడు గానీ గొంతు కాదు కదా, రెండూ ఒకటి కాదు అన్నాను. తల ఊపాడు.

గంట శబ్దం మర్యాదగానే ఉంది.

మే 12, శనివారం

హాల్లో రిహార్సల్. అడ్మిరల్ ఇంటాయన, బిషప్ ఇంటావిడ, నేను, ఇంకొందరు. ఎలియాస్ ప్రౌట్ పేరు మోసే లడ్లమ్ మామ్మ మా వీధిలోనే ఉంటుంది. ఆవిడకి డెబ్బై తొమ్మిదేళ్ళు. రిహార్సల్ చేసి పలికేదాన్ని పిలుపనరని ఆవిడ రాలేదు.

మిస్ ఆల్డర్సీ నా వెనక నిలబడి నా నడుము మీద చెయ్యి వేసి, "పొట్టలోంచి కాదమ్మా, పెదవుల మీంచి. పక్కనున్నవాళ్ళకి చెబుతున్నట్టు" అంది. నేను పలికాను. అందరూ చప్పట్లు కొట్టారు. బొగ్గువాడి కూతురని ఎవరూ అనుకోరు అని బిషప్ ఇంటావిడ మెచ్చుకుంది.

మెచ్చుకోలే. అయినా ఇంటికి వచ్చేదాకా ఆ మాట చెప్పులో రాయిలా ఉంది.

డోర్కస్ పక్కనున్నవాళ్ళకి చెప్పమందా?

మే 15, మంగళవారం

ఊళ్ళో సగం పొయ్యిలు వెలగడం లేదని అమ్మ అంది. ఇళ్ళ లోపల ఉన్నవాళ్ళకి చేతిగంట వినబడదు. క్యాలెండరు చూసుకోవాల్సిన పని లేకుండా నాన్న కేకని బట్టే మంగళవారం అనీ శుక్రవారం అనీ తెలుసుకునేవాళ్ళు. ఇప్పుడు బండి వెళ్ళిపోయాక బస్తా పట్టుకుని వెనక పరిగెత్తుతున్నారట.

బిషప్‌కి కూడా తెలియడం లేదు. అది నాన్న కేక వినగానే తర్వాతి గేటు దాకా తనంతట తాను నడుస్తుంది. ఇన్నేళ్ళ అలవాటు. గంట వాయిస్తే చెవులు కదిపి అక్కడే నిలబడుతోంది. ఇవాళ బడి కిటికీలోంచి చూశాను. నాన్న గంట వాయించాడు, గుర్రం కదల్లేదు. మళ్ళీ వాయించాడు. చివరికి దిగి కళ్ళెం పట్టుకుని నడిపించుకెళ్ళాడు. పిల్లలు నవ్వారు. నేను వాళ్ళని కూర్చోమని, నల్లబల్ల మీద లెక్క రాశాను. లెక్క తప్పు రాశాను.

మే 17, గురువారం

అమ్మతో గొడవ. రాయకూడదనుకున్నాను, రాస్తున్నాను.

ఇంకో గిన్నె సూపు వచ్చింది. ఈ ఊరివాళ్ళకి బుద్ధి లేదు, ఆరోగ్యంగా ఉన్న మనిషికి పథ్యం వండుతున్నారు అన్నాను. అమ్మ గిన్నె బల్ల మీద పెట్టి చేతులు తుడుచుకుంది.

"వాళ్ళకి బుద్ధి ఉంది. అప్పగించినవాడు పోతాడని వాళ్ళకి తెలుసు. మీ నాన్నకీ తెలుసు. తెలియనట్టు ఉన్నది నువ్వొక్కదానివే."

ఇదంతా మూఢనమ్మకం అన్నాను. ఒప్పుకోకపోతే మిస్ ఆల్డర్సీ ఏమనుకుంటుంది అని కూడా అన్నాను.

"చచ్చిపోతాడని నేను అనడం లేదే. మీ నాన్న ఎద్దులా ఉన్నాడు. ఇంకో ముప్పై ఏళ్ళు ఉంటాడు. ఆ ముప్పై ఏళ్ళూ ఏం చేస్తాడు? ఆ గంట వాయించుకుంటాడు. ఊరంతా ఆయన్ని చూసి ఏడాదికి ఒక్కరోజు టోపీ తీసేది, 'అదిగో డోర్కస్ గొంతు' అని. అది నువ్వు తీసుకున్నావు. నీకు అక్కర్లేకపోయినా తీసుకున్నావు. మీ టీచరమ్మ అడిగిందని."

నాన్నే ఇచ్చాడు కదా, వద్దని ఎందుకు అనలేదు అని అడిగాను.

"నువ్వు అడిగితే ఆయన ఎప్పుడు కాదన్నాడే? ఆ స్కూలు బూట్లకి కాదన్నాడా, కాలేజీకి కాదన్నాడా?"

నాన్న తలుపు దగ్గరే ఉన్నాడు. సూపు చల్లారిపోతోంది అన్నాడు. ముగ్గురం కూర్చుని తాగాం.

మే 18

నేను ఉద్యోగం కోసమే ఒప్పుకున్నాను. ఉద్యోగం కోసమూ, ఆ గదిలో నా భుజం మీద ఆవిడ చెయ్యి వేసినందుకూ.

మే 19, శనివారం

లడ్లమ్ మామ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ గుమ్మంలో కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. నన్ను చూసి, "రావమ్మా పెదవుల మీంచి మాట్లాడే పిల్లా. నాకు చెవుడు, పొట్టలోంచే మాట్లాడు" అంది. రిహార్సల్ సంగతి ఊరంతా తెలిసిపోయింది.

నేనూ కూర్చుని బఠాణీలు ఒలిచాను. అప్పగించిన పేరుని వెనక్కి ఇవ్వొచ్చా అని అడిగాను. ఆవిడ కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందేమో అనుకున్నాను.

"కూడదని మా అమ్మ నాకు చెప్పలేదు. వాళ్ళమ్మ ఆవిడకి చెప్పలేదు."

మరి ఎవరూ ఎందుకు ఇవ్వలేదు అన్నాను.

"ఎవరికిస్తారే? అప్పగించినవాళ్ళందరూ మర్నాటికో మూడోనాటికో మట్టిలో ఉండేవాళ్ళు. వాళ్ళలో ఒక్కడైనా లేచొచ్చి నా పేరు నాకిచ్చెయ్యి అని అడిగి ఉంటే ఈపాటికి దానికీ ఒక పద్ధతి ఉండేది. అప్పగించేసి గుర్రం బండి తోలుకుంటూ తిరిగినవాడు మీ నాన్న ఒక్కడే. వాణ్ణి చూస్తే నాకు పలకరించాలో ప్రార్థన చెయ్యాలో తెలియడం లేదు."

నవ్వు వచ్చింది. తర్వాత ఏడుపు వచ్చింది. మామ్మ ఏమీ చూడనట్టు తొక్కలు దులిపింది.

"పేరు ఇప్పుడు ఎవరిదే?"

నాది అన్నాను.

"నీదైతే నీ ఇష్టం. ఎవరికివ్వాలో నన్ను అడుగుతావేం?"

మే 20, ఆదివారం

గుడిలో మిస్ ఆల్డర్సీ నన్ను చూసి నవ్వింది. నేనూ నవ్వాను. ఆవిడ ఊరిని ప్రేమిస్తుంది. అందులో అబద్ధం లేదు. ఆవిడ ఊరికి శుభ్రమైన కోటు తొడిగి లండన్‌కి చూపించాలనుకుంటోంది. ఒకప్పుడు నాకు తొడిగినట్టే. ఆ కోటు లేకపోతే ఇవాళ ఈ మాటలు ఇలా రాయగలిగేదాన్ని కాదు. అది ఎప్పటికీ మర్చిపోను.

కానీ డోర్కస్ చేతులు ఎలా ఉండేవో ఆలోచిస్తున్నాను. కాగు కింద బొగ్గు వేసీ వేసీ.

మే 21, సోమవారం

జరిగింది జరిగినట్టు రాయాలి. ఒక్క ముక్క కూడా పోనివ్వకూడదు.

బడి వదిలాక వంతెన దగ్గర నిలబడ్డాను. నాన్న తిరుగుడు ముగించుకుని ఖాళీ బండితో వచ్చాడు. బండి అక్కడే వదిలేసి కిందకి రమ్మన్నాను. "ఏమైంది, ఉద్యోగం పోయిందా" అన్నాడు. ఇంకా పోలేదు అన్నాను.

చాకలి రాయి దగ్గరికి దిగాం. నేను గ్లవ్స్ తీసి చెయ్యి నీళ్ళలో ముంచాను. అప్పుడు ఆయనకి అర్థమైంది. వెనక్కి అడుగు వేశాడు.

"వద్దు పిల్లా. ఎవరైనా వెనక్కి ఇస్తారా?"

"నేను ఇస్తున్నాను. చెయ్యి పట్టు నాన్నా."

"రేడియోకి నా గొంతు పనికిరాదుట కదా."

"డోర్కస్ రేడియోకి చెప్పమనలేదు. అడిగినవాళ్ళకి చెప్పమంది. ఎంత దూరం నుంచి అడుగుతారో ఏమో, గట్టిగా చెప్పాలి."

"మీ టీచరమ్మ నిన్ను ఏమైనా అంటుంది."

"అననీ."

నాన్న తన చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు. తుడుచుకోవద్దన్నాను. నా తడి చెయ్యి ఆయన అరచేతిలో పెట్టాను. నలుపు నా వేళ్ళకి అంటింది. ఆయన కంటే నేను పొట్టి కాబట్టి రాయి మీదకి ఎక్కి చెవి దగ్గర పేరు చెప్పాను. డోర్కస్ వెయిన్. ఆ చెవిలో కూడా బొగ్గు పొడే.

నాన్న నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాడు. పలకడేమో, ఇన్ని వారాలు మూగగా ఉండి గొంతు నిజంగానే పోయిందేమో అని నాకు భయం వేసింది. తర్వాత ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాడు.

"ఇక్కడే."

నేను "ఇక్కడే" అని రాశాను. రాస్తే అది అంతే కనిపిస్తుంది. వంతెన కింద పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. అవతలి గట్టున కిటికీలు తెరిచారు. పైన బిషప్ ఆ గొంతు విని, ఇన్నాళ్ళకి పని మొదలైందనుకుని, ఖాళీ బండి లాక్కుంటూ తనంతట తాను తర్వాతి గేటు వైపు బయలుదేరింది. నాన్న "ఆగు, ఆగవే ముండా" అని అరుచుకుంటూ మెట్లెక్కి పరిగెత్తాడు. ఆ కేక కూడా ఊరంతా విన్నది. నేను రాయి మీద కూర్చుని నవ్వాను. ఎర్ర గుడ్డ కట్టిన చోటు ఇదే అయి ఉంటుంది.

ఇంటికి వెళ్ళేసరికి బేకరీ ఆవిడ గుమ్మంలో నిలబడి, నాన్న బాగుపడ్డాడు కాబట్టి తన కేకు పళ్ళెం తనకి ఇచ్చెయ్యమని అమ్మని అడుగుతోంది.

అమ్మ నా పళ్ళెంలో మాంసం ముక్క పెద్దది వేసింది.

మే 22, మంగళవారం

పొద్దున్నే నాన్న కేక విని నిద్ర లేచాను. ఇవాళ మంగళవారం అని ఊరందరికీ తెలిసింది.

మిస్ ఆల్డర్సీకి ఈ ఉత్తరం నాలుగుసార్లు రాశాను. మొదటి మూడూ మరీ క్షమాపణల్లా ఉన్నాయి. ఇది నాకు నచ్చింది. ఇవాళ బడిలో ఆవిడ చేతికే ఇస్తాను. దీని తర్వాత నా ఉద్యోగం ఏమవుతుందో తెలియదు. ఇంత చక్కగా ఉత్తరం రాయడం నేర్పింది ఆవిడే కాబట్టి ఒక నకలు ఇక్కడ ఉంచుకుంటున్నాను.

గౌరవనీయులైన మిస్ ఆల్డర్సీ గారికి,

డోర్కస్ వెయిన్ పేరుని మా నాన్న రూబెన్ టాలీ ఏప్రిల్ 29న నాకు అప్పగించారు. నిన్న, మే 21న, అదే రాయి దగ్గర నేను ఆ పేరుని తిరిగి ఆయనకి అప్పగించాను. ఆచారంలో ఇది కూడదని చెప్పే మాట ఏదీ లేదు. శ్రీమతి లడ్లమ్ గారిని అడిగి తెలుసుకోవచ్చు. కొంచెం గట్టిగా అడగండి.

అందువల్ల జూన్ 2న ఆ పేరుకి పలికేది మా నాన్నే. నేను పలకను. నాకు ఆ హక్కు ఇప్పుడు లేదు.

మీరు నన్ను బడికి తీసుకెళ్ళారు. నేను చదివిన ప్రతి అక్షరం వెనక మీరున్నారు. ఆ చదువుతోనే ఈ మాట రాస్తున్నాను. మన ఊరి పెద్దవాళ్ళ గురించి నేను రాసిన పుస్తకంలో ఒక లోటు ఉంది. పోయినవాళ్ళ గురించే రాశాను. వాళ్ళని పోనివ్వకుండా మోస్తున్నవాళ్ళ గురించి ఒక్క ముక్క రాయలేదు. యుద్ధంలో గంటలు ఆగిన ఏళ్ళలో ఈ ఊళ్ళో అన్నిటికంటే పెద్ద శబ్దం మా నాన్న గొంతు. ప్రూఫులు ఇంకా వెనక్కి వెళ్ళలేదు కాబట్టి, అడ్మిరల్ గారి బొమ్మని కాస్త చిన్నది చేసి, ఈ వాక్యం చేర్చమని కోరుతున్నాను.

రేడియో వాళ్ళకి ఆ గొంతు మరీ పెద్దదనిపిస్తే, తమ యంత్రాన్ని వంతెన అవతల పెట్టుకోవచ్చు. అక్కడికి కూడా బాగానే వినబడుతుంది. ఏ కారణం వల్లనైనా సంఘం ఆ పేరు పిలవకూడదని అనుకుంటే, అది కూడా నాకు ముందే తెలియాలి. పిలవకపోయినా ఆయన పలుకుతారు. ఊరు కూడా పలుకుతుందని నా నమ్మకం.

పిలుపుకి ముందు వారమంతా మా అమ్మ ఇంటికి వచ్చే రేషన్ గుడ్లన్నీ గొంతు బాగుండాలని నాన్నకే పెడుతుంది. ఈ ఆదివారం నుంచి మొదలుపెట్టాలి. కాబట్టి మీ జవాబు మే 26, శనివారం సాయంత్రం లోపల మా ఇంటికి పంపమని కోరుతున్నాను. పెరటి తలుపుకి కాదు, వీధి తలుపుకే పంపండి.

మీ విద్యార్థిని,
ఏవిస్ టాలీ